పైన అడవి ఉంటేనే కింద మడి

ఫిలిప్పీన్స్ అనగానే మన పెద్దతరం రైతులకు ఐ.ఆర్.8 గుర్తుకొస్తుంది. 1966లో ఆ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఆ పొట్టి వరి మన డెల్టా పొలాలకూ వచ్చింది. అదే దేశంలో ఉత్తరాన, లుజాన్ దీవి కొండల్లో హుంగ్డువాన్ అనే మారుమూల ఊరుంది. ఇఫుగావ్ తెగ రైతులు అక్కడ కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి, రాతి గట్లు కట్టి వరి పండిస్తున్నారు. ఈ ప్రాంతపు మడులను 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. రైతు కష్టానికి దక్కిన గౌరవమిది. ఆ మడులు ఇన్ని తరాలు ఎలా నిలిచాయి? ఈ మధ్య ఎందుకు కూలాయి? చిన్న రైతులు తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి.

అడవే చెరువు

అక్కడ పెద్ద చెరువులు, ఆనకట్టలు లేవు. మడుల పైభాగాన కుటుంబాల సొంత అడవి ఉంటుంది. దాన్ని ముయోంగ్ అంటారు. వానను ఆ అడవి తాగి, ఊటగా కిందికి వదులుతుంది. ఆ నీరు పిల్ల కాలువల గుండా పై మడికి, అక్కడి నుంచి కింది మడికి దిగుతుంది. వంటచెరకుకు, ఇంటి కలపకు ముదిరిన చెట్లనే కొడతారు, అడవినంతా నరకరు. సాధారణంగా ఈ అడవి, మడి పెద్ద బిడ్డకే పోతాయి. ఆ బిడ్డ ఆడైనా మగైనా ఒకటే.

ఏడాదికొక్క పంట

వారి పాత వరి పేరు టినావోన్. ఏడాదికి ఒక్కసారే పండుతుంది, చలికి తట్టుకుంటుంది. కోతకు ముందే ఆడవాళ్లు చేనంతా తిరిగి మంచి వెన్నులు ఏరి విత్తనానికి దాస్తారు. కోతలయ్యాక గడ్డి, కలుపు మడిలోనే కుప్పలు వేసి, వాటిమీద కూరగాయలు పెంచుతారు. చివికిన ఆ కుప్పను మళ్లీ బురదలో కలుపుతారు. అదే ఎరువు. పంట లేనప్పుడు కూడా మడిలో నీరు ఉంచుతారు. ఎండితే నేల పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలో వాన నీరు దిగి గట్టు జారుతుంది.

బదులు పని, పండుగ

నాట్లకు, కోతలకు ఇవాళ మీ మడి, రేపు మా మడి. దీన్ని వాళ్లు ఉబ్బు అంటారు. మన బదులు పనులు ఇలాంటివే. కోతల్లో ఆడవాళ్లు హుధుద్ అనే కథాగానం పాడతారు. పంట ఇంటికి చేరాక హపావో, బాంగ్, నుంగులునాన్ గ్రామాల వాళ్లు ఏటిలో దిగి పున్నుక్ అనే లాగుడు పోటీ ఆడతారు. గడ్డితో కట్టిన బొమ్మను కొక్కెం కర్రలతో ఇటూ అటూ లాగుతారు. 2015లో యునెస్కో ఈ ఆటనూ వారసత్వంగా గుర్తించింది.

ఎక్కడ తెగింది?

చదువుకున్న పిల్లలు పట్నాలకు పోయారు. చేతులు తగ్గాయి. ఒకరు మడి వదిలేస్తే అది ఎండి, గట్టు కూలి, కింది రైతు మడి మీద పడుతుంది. పెద్ద వానపాములు గట్లను బొరియలు చేశాయి. 1980ల్లో తిండి కోసం తెప్పించిన బంగారు నత్తలు చేలల్లోకి చేరి లేత నారును కొరికేశాయి. 2001లో యునెస్కో ఈ మడులను ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చింది. గట్లు, కాలువలు బాగుచేసుకున్నాక 2012లో ఆ జాబితా నుంచి తీసింది. పని అక్కడితో అయిపోలేదు, ఏటేటా గట్టు చూసుకోవలసిందే.

మనం గమనించాల్సినవి

అరకు, పాడేరు వైపు వాగు నీటితో తడిసే కొండ మడులు మనకూ ఉన్నాయి. మైదానంలో చెరువు కింది ఆయకట్టు రైతుదీ ఇదే లెక్క.

• వాగు పుట్టే చోట, చెరువు ఎగువన ఉన్న చెట్లను నరకనివ్వకండి. నీటికి మూలం అక్కడే.

• వానలకు ముందే గట్ల మీద బొరియలు, పగుళ్లు చూసి పూడ్చండి.

• నత్తలు కనిపిస్తే ఉదయం, సాయంత్రం ఏరండి. నీటి మట్టానికి పైన కాడలకు అంటిన గులాబీ రంగు గుడ్లను గీకి నలిపేయండి. నాట్లకు ముదురు నారు వాడండి.

• పిల్ల కాలువ పూడిక ఒక్కరి వల్ల తీరదు. పై రైతు, కింది రైతు కలిసి ఒక రోజు పెట్టుకోండి.

హుంగ్డువాన్ రైతు కొండను నిలబెట్టాడు. పక్కవాడి గట్టు కూడా తన గట్టే అనుకున్నాడు కాబట్టే అది సాధ్యమైంది.