ఎఫ్‌సీ ఏడాదికా, రెండేళ్లకా? బండిని తిప్పి పంపితే కారణం రాసివ్వాల్సిందే

ప్రశ్న: మాది బీర్కూర్. 2016లో కొన్న ట్రాలీ ఆటో ఉంది. వడ్ల సీజన్‌లో కల్లాల నుంచి కొనుగోలు కేంద్రానికి బస్తాలు తోలుతాను. మిగతా రోజుల్లో బాన్సువాడ నుంచి కిరాణా సామాను తెస్తాను. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇప్పుడు రెండేళ్లకోసారి చేయిస్తే చాలని తోటి డ్రైవర్లు అంటే నమ్మి ఊరుకున్నాను. గడువు దాటి 90 రోజులైంది. మొన్న పాస్ చేయించడానికి తీసుకెళ్తే ‘బండి బాగా లేదు, మళ్లీ తీసుకురా’ అని పంపేశారు. ఏం బాగా లేదో చెప్పలేదు. బయట ఒక ఏజెంటు, డబ్బిస్తే తాను చూసుకుంటానంటున్నాడు. ఏం చేయాలి సార్?

జవాబు: మీరు అడిగింది ఒక్క బండి సంగతి కాదు. కామారెడ్డి జిల్లాలో ట్రాలీలు, ఆటోలు, డీసీఎంలు నడిపి బతికే చాలామందికి ఇదే ఇబ్బంది. ఎఫ్‌సీ అంటే పోలీసులకు చూపించే కాగితమని మాత్రమే అనుకుంటాం. దాంతోపాటు చట్టం మనకిచ్చిన హక్కులు కూడా ఉన్నాయి. అవి తెలిస్తే ఏజెంటు అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ముందు గడువు సంగతి

తోటి డ్రైవర్లు చెప్పింది సగం నిజం. 2018 నవంబరుకు ముందు రవాణా వాహనాలకు మొదటి రెండేళ్లు గడిచాక ఏటా ఎఫ్‌సీ చేయించాల్సి వచ్చేది. ఆ నెలలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 62వ నిబంధనను సవరించారు. కొత్త బండికి మొదటి ఎఫ్‌సీ రెండేళ్లు ఉంటుంది. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా చేయించే ప్రతి రెన్యువల్ కూడా రెండేళ్లు చెల్లుతుంది. ఎనిమిదేళ్లు దాటితే మళ్లీ ఏడాదికోసారే. మీది 2016 బండి కాబట్టి ఎనిమిదేళ్లు ఎప్పుడో దాటాయి. మీకు ఏటా తప్పదు. కాగితం మీద గడువు తేదీ రాసే ఉంటుంది. ఎవరి మాటా నమ్మకుండా ఆ తేదీ చూసుకోవడం మేలు.

ఆలస్యానికి రోజుకు రూ. 50 అదనపు రుసుము ఉంది. 90 రోజులకు అదే రూ. 4,500 అవుతుంది. 2022 మే 19న తెలంగాణలో ఆటో, క్యాబ్, లారీ డ్రైవర్ల సంఘాలు బంద్ చేసినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఈ రోజుకు 50 రూపాయల భారం కూడా ఉంది. ఇంజన్ పని కోసమో, ఇంట్లో ఆపద వల్లో బండి నెలలపాటు షెడ్డులో ఉండిపోయిన వాళ్లకు ఇది పెద్ద దెబ్బ. మీరు ఇంకా ఆలస్యం చేసిన కొద్దీ లెక్క పెరుగుతూనే ఉంటుంది.

అసలు రుసుములు కూడా బండి వయసును బట్టి మారాయి. పదిహేనేళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ 1 నుంచి పెంచారు. 2025 నవంబరులో పదేళ్లు దాటిన వాటి నుంచే మెట్లు పెట్టారు. ఇరవై ఏళ్లు దాటిన పెద్ద లారీలు, బస్సులకైతే ఫిట్‌నెస్ పరీక్ష రుసుమే రూ. 25,000కు చేరింది. అందుకే డబ్బు ఆన్‌లైన్‌లో గానీ మీసేవలో గానీ మీరే కట్టి, రసీదు దగ్గర పెట్టుకోండి. రసీదులో లేని రూపాయి ఎవరు అడిగినా అది ప్రభుత్వానికి చేరేది కాదు.

‘బాగా లేదు’ అంటే సరిపోదు

ఇది మీ ప్రశ్నకు ప్రాణం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ సర్టిఫికెట్ నిరాకరించే అధికారిపై ఒక బాధ్యత పెట్టింది. ఎందుకు నిరాకరిస్తున్నారో కారణాలను రాతపూర్వకంగా యజమానికి ఇవ్వాలి. ‘ఇవ్వవచ్చు’ అని కాదు, ‘ఇవ్వాలి’ అనే ఉంది. పరీక్షలో ఏమేం చూడాలో కూడా నిబంధనల్లో రాసి ఉంది: హెడ్‌లైట్ల కాంతి ఎటు పడుతోంది, బ్రేకులు, స్టీరింగ్, అద్దాలు, వైపర్లు, హారన్, సైలెన్సర్, పొగ, స్పీడోమీటర్, రిఫ్లెక్టర్లు. వీటిలో ఏది తప్పిందో చెప్పకుండా పంపేస్తే మీరు మెకానిక్‌కు ఏం చెప్పగలరు?

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు మర్యాదగా అడగండి: ‘సార్, ఏ లోపం ఉందో రాసివ్వండి, బాగు చేయించుకుని వస్తాను.’ ఇవ్వకపోతే ఒక తెల్లకాగితం మీద బండి నంబరు, స్లాట్ తేదీ, రుసుము రసీదు నంబరు, ‘కారణాలు రాతపూర్వకంగా ఇప్పించండి’ అనే వాక్యం రాయండి. జిల్లా రవాణా అధికారి కార్యాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రోజే బండి బ్రేకులు, లైట్ల ఫొటోలు తీసి పెట్టుకోండి. బాగు చేయించాక మెకానిక్ దగ్గర బిల్లు తీసుకోండి.

కారణం రాసిచ్చినా అది తప్పనిపిస్తే 57వ సెక్షన్ కింద అప్పీలు చేయవచ్చు. ఉత్తర్వు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వేయాలి. చేతిలో రాతపూర్వక కారణం లేకపోతే అప్పీలుకు పునాదే ఉండదు. అందుకే కాగితం అడగమని ఇంతగా చెబుతున్నాను.

ఉన్న ఎఫ్‌సీని మధ్యలో రద్దు చేయడానికి కూడా హద్దులున్నాయి. 2019 సవరణ తర్వాత, రద్దుకు రాసిన కారణాలను యజమాని ఎంచుకున్న అధీకృత పరీక్షా కేంద్రం నిర్ధారించాలి. ఆ కేంద్రం అవునంటే పరీక్ష ఖర్చు యజమానిది. కాదంటే ఖర్చు ఆ అధికారే భరించాలి. దీని గురించి తెలిసిన యజమానులు తక్కువే.

యంత్రాలతో పరీక్ష

ఇకపై చూపుతో కాకుండా యంత్రాలతో పరీక్షించాలన్నది కేంద్రం ఉద్దేశం. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లను తప్పనిసరి చేసే తేదీని పెద్ద బండ్లకు మొదట 2023 ఏప్రిల్ 1గా పెట్టి, తర్వాత 2024 అక్టోబరు 1కి జరిపారు. మీ రిజిస్టరింగ్ అధికారి పరిధిలో అలాంటి కేంద్రం నడుస్తుంటేనే ఆ నిబంధన వర్తిస్తుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడే పరీక్ష ఎక్కడో చూసుకోండి. బీర్కూర్ నుంచి డీజిల్ పోసుకుని వెళ్లి తప్పు చోట నిలబడితే ఆ రోజు కిరాయి పోయినట్టే. ఆ కేంద్రంలో ఫెయిలైనా లోపం బాగు చేయించుకుని మళ్లీ పరీక్షకు పెట్టవచ్చు, ఫలితంపై అప్పీలుకూ వీలుంది.

ఎఫ్‌సీ లేకుండా రోడ్డెక్కితే

ఎఫ్‌సీ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే అంటుంది 56వ సెక్షన్. అప్పుడు 192వ సెక్షన్ కిందికి వస్తారు: మొదటిసారి రూ. 2,000 నుంచి రూ. 5,000 దాకా జరిమానా, మళ్లీ దొరికితే రూ. 10,000 వరకు, జైలుకూ అవకాశం ఉంది.

అంతకంటే పెద్ద ముప్పు బీమా దగ్గర ఉంది. ఫిట్‌నెస్ లేకపోవడం పాలసీ షరతులను మౌలికంగా ఉల్లంఘించడమేనని కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ 2018లో చెప్పింది. పర్మిట్ లేని బండి విషయంలో సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది, బీమా కంపెనీ బాధితులకు చెల్లించి ఆ డబ్బును యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చంది. అంటే బాధిత కుటుంబానికి డబ్బు అందినా, చివరికి ఆ లక్షల భారం మీ ఇంటి మీదా, మీ పొలం మీదా పడవచ్చు. ఈ 90 రోజుల్లో మీకు ఏమీ కాలేదు, సంతోషం. ఎఫ్‌సీ వచ్చేదాకా పరీక్షకు తీసుకెళ్లడానికి తప్ప బండి తీయకండి. కల్లంలో బస్తాలు ఎదురుచూస్తున్నా సరే.

మరో మాట. ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన సామాను బండిలో మనుషుల్ని ఎక్కించే హక్కు రాదు. 2022 మే 8న నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీ ఢీకొని, ట్రాలీలో ఎల్లారెడ్డి నుంచి తిరిగొస్తున్న తొమ్మిది మంది చనిపోయారు. సామాను బండిలో ఊరికే ఎక్కిన వాళ్లకు చట్టబద్ధ బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో తేల్చింది. సరుకుతోపాటు వెళ్లే సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం చట్టం రక్షణ ఇస్తుంది. తన వడ్లతో ముందు సీట్లో వచ్చే రైతు వేరు, తొట్టిలో నిలబడిన పెళ్లి బృందం వేరు.

మిగతా బండ్ల వాళ్లకు

సొంత కారు, మోటారు సైకిల్‌కు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. తర్వాత పరీక్ష చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేసుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన బైకుకు రెన్యువల్ రుసుము రూ. 1,000, కారుకు రూ. 5,000 అయ్యింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి రూ. 2,000, రూ. 10,000 చేశారు.

ట్రాక్టర్ల వాళ్లు ఆర్సీ తీసి ‘వాహన తరగతి’ దగ్గర ఏం రాసి ఉందో చూడండి. వ్యవసాయ ట్రాక్టరుగా నమోదైన దానితో ఇసుక, ఇటుక కిరాయికి తోలితే అది వేరే వాడకం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది అదే.

బడి బస్సుల ఎఫ్‌సీ గడువు మన రాష్ట్రంలో మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచే జూన్‌లో, బస్సు కొత్త ఎఫ్‌సీ చూపించమని యాజమాన్యాన్ని అడగడం తల్లిదండ్రుల హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

సహాయం ఎక్కడ

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా వకీలును పొందవచ్చు. బాన్సువాడ కోర్టులోని న్యాయ సేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అప్పీలు రాయడానికి వాళ్లు సాయం చేస్తారు.

ఏజెంటుకు ఇవ్వాలనుకున్న డబ్బుతో బ్రేకులు, లైట్లు బాగు చేయించండి. మీ పేరుతోనే స్లాట్ తీసుకోండి. బండిని మళ్లీ నిరాకరిస్తే కారణం రాసిచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. సరైన బ్రేకుతో బండి నడపడం మీ బాధ్యత, తిప్పి పంపితే కారణం రాసివ్వడం అధికారి బాధ్యత. మీ బాధ్యత మీరు చేసి, వాళ్ల బాధ్యతను ధైర్యంగా అడగండి.