బడి నిండా జనం, మాట్లాడే మనిషి లేదు

సమస్య

జల్‌పల్లిలో ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని. ఎల్బీనగర్ నుంచి బస్సూ ఆటో మారి వస్తాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉర్దూనే మాట్లాడతారు, నాకు వచ్చింది నాలుగు ముక్కలు. ఏడో తరగతిలో ఒకమ్మాయి నిరుడంతా చెయ్యెత్తి మరీ జవాబులు చెప్పేది. దసరా సెలవుల నుంచి నోరు విప్పడం లేదు. మధ్యాహ్నం అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చుంటుంది. నోట్సు దిద్దుతున్నప్పుడు ఆమె వేళ్లు చూశాను. కొనల మీద జిగురు ఎండి పొరలు లేస్తోంది, ఓ గోరు పక్కన మెరుపు రాయి అంటుకుని ఉంది. రాత్రిళ్లు ఇంట్లో గాజులకు రాళ్లు అంటిస్తుందట. అంతకుమించి ఏమడిగినా తలూపి ఊరుకుంటుంది.

ఏదైనా చేయాలని ఉంటుంది. సిలబస్సు, ఆన్‌లైన్ ఎంట్రీలతోనే పొద్దు గడిచిపోతోంది. ఈమధ్య చీటికిమాటికి పిల్లల మీద అరుస్తున్నాను. ఆదివారం సాయంత్రమైతే గుండెదడ. స్టాఫ్ రూములో ఎవరి ఫోను వాళ్లది. నాకే ఓపిక లేదు, ఆ పిల్లకేం చేయగలను మేడం?

– ఓ టీచర్

సలహా

ముందు మీ సంగతి చూద్దాం టీచర్ గారూ. గుండెదడనూ కోపాన్నీ ఓపిక లేకపోవడం కింద జమకట్టకండి. వారాల తరబడి సాగుతుంటే, నిద్ర కూడా చెడుతుంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఈలోగా టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. టీచరై ఉండి ఇలాంటి ఫోన్ చేయడమేంటని మొహమాటపడకండి.

స్టాఫ్ రూము మొత్తాన్ని మార్చే పని నెత్తిన వేసుకోవద్దు. ఒక్కరు దొరికితే చాలు. ఉర్దూ వచ్చిన టీచరుంటే ఆమె పక్కన కూర్చుని డబ్బా విప్పండి. వంట చేసే అమ్మను కూడా పలకరించండి. సాధారణంగా ఆమెది ఆ చుట్టుపక్కలే కాబట్టి, బస్తీ కష్టసుఖాలు మనకంటే ఆమెకే ఎక్కువ తెలుస్తాయి. పిల్ల పేరు మాత్రం నలుగురిలో నానకుండా చూడండి.

ఇక ఆ అమ్మాయి. తెత్సుకో కురొయనాగి పుస్తకం 'రైలుబడి' చదివే ఉంటారు. అందులో హెడ్మాస్టర్ కొబయాషి బడిలో చేరడానికి వచ్చిన పాప చెప్పేదంతా నాలుగు గంటల పాటు విన్నాడు. మన బడుల్లో అంత తీరిక ఎక్కడిది? పది నిమిషాలు చాలు, కానీ "ఏమైంది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఎంతమంది అడిగి విసిగించారో ఆ ప్రశ్న! పటాల పాఠం వచ్చినప్పుడు జల్‌పల్లి చెరువు నుంచి పహాడీ షరీఫ్ గుట్ట దాకా పిల్లలతోనే పటం గీయించండి. సందుల పేర్లు, ఉర్దూ మాటలు మీకు నేర్పే పని ఆమెకు అప్పగించండి. ఆ రోజు ఆమె మీకు టీచరు. చెప్పదలిస్తే మిగతాది తనే చెబుతుంది. చెప్పకపోయినా మర్నాడు మళ్లీ పక్కన కూర్చోండి. అరిచిన రోజున క్లాసులోనే పిల్లలకు సారీ చెప్పండి, మీ మర్యాదేమీ తగ్గదు.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. తిండి పూర్తిగా మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా అదే రోజు హెడ్మాస్టరుకు చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. ఎవరైనా కొడుతున్నారనో, బలవంతంగా పని చేయిస్తున్నారనో తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. టీచరే కౌన్సెలర్ కావాలని ఊరికే అనేస్తుంటారు, నేనది ఒప్పుకోను. పిల్లలో మార్పును కనిపెట్టి పట్టించుకోవడం మీ పని. ఆపై వైద్యం చేసేవాళ్లు వేరే ఉన్నారు.

తల్లిని బడికి పిలిపించి దోషిలా నిలబెట్టొద్దు. ఎన్ని గాజులు చేస్తే అంత కూలి వచ్చే ఇల్లు అది. ఉర్దూ టీచరును వెంటబెట్టుకుని మీరే వెళ్లండి, చాయ్ ఇస్తే తాగండి. పిల్ల నిరుడు ఎంత చురుగ్గా ఉండేదో ముందు చెప్పండి. రాత్రి తొమ్మిదికల్లా పని ఆపి పడుకోనివ్వగలరా అని ఆ తర్వాత అడగండి. సరేనన్నా, కుదరదన్నా వారం ఆగి మళ్లీ వెళ్లండి.