మారిషస్ వెళ్తున్న బిడ్డకు

బాలాపూర్

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణికి,


నువ్వూ అల్లుడూ మారిషస్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన కాగితం కూడా చూపించింది. ఆరు రోజుల్లో ఐదు రోజులు సముద్రానికే రాశారు. సముద్రం చూడొద్దని అనను. ఆ ద్వీపం చుట్టూ చాలా మేర పగడపు దిబ్బలున్నాయి. పెద్ద అలలు అక్కడే విరిగిపోయి, తీరం దగ్గర నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. దిబ్బలకు సందున్న చోట మాత్రం లోపలికి లాగుతుంది, స్థానికులు వద్దన్న దగ్గర దిగకండి.

కానీ బిడ్డా, రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్ చూడకుండా రావద్దు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను ఆ రేవుకు తెచ్చింది. బ్రిటిష్‌వాళ్లు బానిసత్వాన్ని రద్దు చేయడంతో చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ఆ తర్వాత దాదాపు నాలుగున్నర లక్షల మంది మన దేశం నుంచి వెళ్లారు. చాలామంది తిరిగి రాలేదు. ఓడ దిగినవాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ వైపు నుంచి వెళ్లారు. అందుకే అక్కడి తెలుగువాళ్లు ఈనాటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. 1946లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ నేల మీదే జరిగాయి. బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్లూ పాఠ్యపుస్తకంలో ఈ కథ లేదని నాకు బాధగా ఉండేది. కనీసం నువ్వైనా కళ్లారా చూడాలి.

గుడిలోనో బజారులోనో తెలుగువాళ్లు కలిస్తే వాళ్ల తెలుగును పరీక్షించకు. ఇళ్లలో మాట్లాడేది క్రియోల్, పత్రికలు ఫ్రెంచిలో, సర్కారు పని ఇంగ్లీషులో. అయినా ప్రాథమిక బడుల్లో తెలుగు నేర్చుకునే వీలు ఉంచుకున్నారు. తాతల తాతలు వదిలి వెళ్లిన భాషను అంతకాలం నిలుపుకోవడం మామూలు సంగతి కాదు. హైదరాబాదులో పుట్టిన పిల్లలు తెలుగు చదవలేని రోజులివి. నీకు క్రియోల్ రాదు, వాళ్లకు తెలుగు అంతగా రాకపోవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడుకోండి, తప్పేం లేదు.

వినాయక చవితికి మన ఊరు ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆ పండుగకు అక్కడ దేశమంతా సెలవు. ఉగాదికీ సెలవే. వాతావరణం మనకు తిరగబడి ఉంటుంది: జూలై, ఆగస్టుల్లో వాళ్లకు చలికాలం, జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం. ఫిబ్రవరిలో వెళ్దామనుకుంటున్నారట, వద్దు. ఉగాది ఏప్రిల్‌లో పడే ఏడాదైతే అప్పటికి వెళ్లమనేవాణ్ణి. లేదంటే మే చాలా బాగుంటుంది. చమరెల్ రంగుల మట్టి, పాంపెల్‌మూస్ తోటలోని పెద్ద పెద్ద కలువ ఆకులు ఎలాగూ చూపిస్తారు. దాల్‌పూరీ మాత్రం హోటల్లో కాదు, వీధి బండి మీద తినండి.

టిక్కెట్లు తీసేముందు ట్రావెల్స్ వాళ్లతో గట్టిగా మాట్లాడు. ఐదు రోజుల సముద్రంలో ఒకరోజు తగ్గించి, పోర్ట్ లూయిస్‌కు పెట్టించు.

మీ పెద్దనాన్న