ఏథెన్సు గుడ్లగూబ నాణెములు

ప్రాచీన గ్రీకు వెండి నాణెములను సేకరింపగోరువారు మొదట ఏథెన్సు నగరపు నాణెమును చక్కగా నెరుగవలయును. క్రీ. పూ. ఐదవ శతాబ్దపు నాలుగు ద్రాఖ్మాల నాణెము ఇంచుమించు 17 గ్రాములు, అనగా ఒకటిన్నర తులమునకు కొంచెము తక్కువ తూగును. ఒకవైపున శిరస్త్రాణము ధరించిన అథీనా దేవత ముఖమును, రెండవవైపున గుడ్లగూబయు, ఆలివు రెమ్మయు, చిన్న నెలవంకయు, నగరనామమును తెలుపు మూడక్షరములును ఉండును. మన యూళ్లలో అపశకునమని తరిమివేయబడు పక్షి అచ్చట జ్ఞానదేవతకు ప్రియమైనది! ఆ కాలమున నేర్పరియైన పనివాని దినకూలి ఒక ద్రాఖ్మా. లూకా సువార్త 15వ అధ్యాయములో స్త్రీ వెదకిన నాణెమునకు గ్రీకు మూలమున నున్న పేరును ఇదియే.

ఈ వెండి లారియము గనులలోనిది. క్రీ. పూ. 483 ప్రాంతమున అచ్చట గొప్ప రాబడి కలుగగా పౌరులు తలకు పది ద్రాఖ్మాల చొప్పున పంచుకొన దలచిరి. థెమిస్టోక్లీసు వారిని ఒప్పించి ఆ ధనముతో యుద్ధనావలు కట్టించెను. క్రీ. పూ. 480లో సలామిసువద్ద పారశీక నౌకాబలము ఓడిపోయినది ఆ నావలచేతనే. ఇరుకు సొరంగములలో ఆ వెండిరాతిని త్రవ్వినవారు బానిసలను సంగతిని మన పాఠ్యగ్రంథములు తరచుగా విడిచిపెట్టుచున్నవి.

క్రింది అచ్చును దాగలిలో బిగించి, వెండిబిళ్లను దానిపై నుంచి, పై యచ్చును నిలిపి సమ్మెటతో కొట్టెడివారు. కావున బొమ్మ యొక్కొకప్పుడు ప్రక్కకు జరిగియుండును; అది దోషము కాదు. పోతపోసిన దొంగనాణెమునకు తరచుగా అంచున అతుకుగీతయు, ముఖమున సన్నని గుంటలును కానవచ్చును. అన్ని గాట్లును, మచ్చలును సరిగా ఒక్కతీరున నున్న రెండు నాణెములు కనబడినచో రెంటిని సందేహింపవలయును.

రాగిపై వెండిపూత పూసిన కపటనాణెములు ఆనాడును కలవు. క్రీ. పూ. 375వ సంవత్సరపు ఏథెన్సు శాసనమొకటి 1970లో దొరకినది. దాని ప్రకారము ప్రభుత్వ షరాబు అంగడిలో వడ్డివ్యాపారుల బల్లలనడుమ కూర్చుండి నాణెములను పరీక్షింపవలయును. లోపల రాగి గాని సీసము గాని యున్నదానిని వెంటనే నరకవలయును. మంచిదని తేలినదానిని పుచ్చుకొనని వర్తకుని సరుకు ఆనాటిది జప్తగును. షరాబు విధి తప్పినచో వానికి యేబది కొరడాదెబ్బలు!

మంచి నాణెములపైనను, లోని లోహమును చూచుటకై పెట్టిన గాటులు పెక్కు కలవు. అట్టివాటిని కొందరు చులకన చేయుదురు. నాకు మాత్రము అవియే ప్రియము. పలువురి చేతులలో మారిన గురుతు వాటిపై నున్నది. నలుపు పోవుటకై చింతపండుతో తోముట మాత్రము కూడదు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న, నాణెము ఎచ్చటనుండి వచ్చినదనునది. 1984లో తుర్కీదేశమున ఎల్మాలివద్ద సుమారు 1900 వెండి నాణెముల నిక్షేపము బయల్పడెను. మిక్కిలి అరుదైన పది ద్రాఖ్మాల ఏథెన్సు నాణెములును అందుండెను. అవి దొంగతనముగా విదేశములకు తరలిపోయి, దీర్ఘమైన వ్యాజ్యము పిమ్మట, 1999లో అధికభాగము స్వదేశము చేరెను. ఒకేచోట ఏయే నగరముల నాణెములు కలిసియుండెనో తెలిసిననే, అవి ఏ కాలమున పాతిపెట్టబడెనో పండితులు నిర్ణయింపగలరు. కావున పూర్వపు యజమానుల వివరము వ్రాతమూలముగా చూపలేని వర్తకునివద్ద, ఎంత చౌకయైనను, కొనరాదు.