హస్తశౌచము: వైద్యునికీ పరిచారకునికీ ప్రథమ ధర్మము

చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములు కలవు. చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయములో ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. వైద్యునికి శాస్త్రజ్ఞానము, అనుభవము, నేర్పు ఉండవలెను. పరిచారకునికి సేవాజ్ఞానము, నేర్పు, రోగిపై అనురాగము ఉండవలెను. నాలుగవ గుణము ఇరువురికీ ఒక్కటే: శౌచము. వైద్యవృత్తిలో ప్రవేశించువాడు గోళ్లు కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రములు ధరించవలెనని సుశ్రుతుడు విధించెను. మా గురువుగారు మా గోళ్లు చూచిన పిమ్మటనే ఔషధముల గదిలోనికి రానిచ్చెడివారు.

ఈ గుణము లోపించిన ఏమగునో 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో తేలినది. అచ్చట శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు కాన్పులు చేయుచుండిరి. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో నూటికి సుమారు 18 మంది బాలింతలు జ్వరముతో మరణించిరి. మే నెలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుగు నియమము పెట్టగా, కొద్ది మాసములలోనే ఆ సంఖ్య సుమారు రెండుకు తగ్గెను. అయినను తోటి వైద్యులు పలువురు అంగీకరింపలేదు. తమ చేతులే వ్యాధిని మోయుచున్నవనుట వారికి అవమానముగా తోచెను.

మన అనంతపురము సీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అందుచేత నీటి కొరత సాకుగా వినవచ్చును. చేతులు తడిపి, కుళాయి కట్టివేసి, సబ్బుతో వ్రేళ్ల సందులు, బొటనవ్రేళ్లు, గోళ్ల అంచులు రుద్ది, పిమ్మట కడిగినచో చెంబెడు నీరు చాలును. మొత్తము 40 నుండి 60 సెకన్లు పట్టును. చేతులకు మురికి కనబడనప్పుడు ఆల్కహాలు శానిటైజరుతో 20 నుండి 30 సెకన్లు రుద్దుకొనిన చాలును. దీనికి నీరే అక్కరలేదు. 2020లో బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రిని కోవిడ్ రోగులకు కేటాయించిన నాళ్లలో, ఊరూరా గుమ్మముల వద్ద శానిటైజరు సీసాలు వెలసినవి. భయము తగ్గగానే ఆ అలవాటు సడలుట విచారకరము.

ఆసుపత్రి సిబ్బంది చేతులు శుద్ధిచేసుకొనవలసిన సమయములు ఐదు:
1. రోగిని తాకుటకు ముందు.
2. సూది, కట్టు, కాన్పు వంటి పనులకు ముందు.
3. రక్తము, చీము, మూత్రాదులు సోకు పని పిమ్మట.
4. రోగిని తాకిన పిమ్మట.
5. రోగి మంచము, దుప్పటి మున్నగునవి తాకిన పిమ్మట.

చేతి తొడుగులు వేసుకొనినను ఈ నియమము తప్పదు.

ఆజ్ఞాపత్రము గోడకు అంటించినంత మాత్రమున ఈ అలవాటు కలుగదు. సబ్బు, శానిటైజరు మంచము ప్రక్కనే ఉండవలెను. పెద్దవైద్యుడు అందరి యెదుట ముందుగా చేతులు కడుగుకొనవలెను. చిన్నవారు దానిని చూచి నేర్తురు. మరచినవారిని పదుగురిలో నిందింపక, ప్రక్కకు పిలిచి చెప్పవలెను.

గృహస్థులకు కొన్ని సూచనలు. బాలింతను, పసికందును తాకుటకు ముందు బంధువులందరు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బకెట్టులో చేతులు ముంచక, చెంబుతో పోయించుకొనుడు. ఒకే తువాలుతో అందరు తుడుచుకొనరాదు. వేపాకు కషాయము, పసుపునీరు సబ్బుకు బదులు కానేరవు. ఆసుపత్రిలో సూది వేయ వచ్చినవారిని “అమ్మా, చేతులు శుభ్రపరచుకొంటిరా?” అని మర్యాదగా అడుగుటకు సంకోచింపకుడు. అట్లు అడిగినవారిపై కోపింపక, చేతులు శుద్ధిచేసుకొని పని ప్రారంభించుట మా వైద్యుల ధర్మము.