సంఘం, సెమినరీ, సంసారం: యువ పాస్టరు ముందే తేల్చుకోవాల్సినవి

శంషాబాద్‌లో సంఘ కాపరిగా ఉండడం నగరంలో సేవ చేసినట్టు ఉండదు, పల్లెలో చేసినట్టూ ఉండదు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యాక ఈ ఊరి వేళలే మారిపోయాయి. కార్గోలో సరుకు ఎత్తేవాళ్లు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కుర్రాళ్లు, హౌస్‌కీపింగ్ చేసే అక్కలు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, హోటల్ వంటవాళ్లు అంతా షిఫ్టుల మీదే బతుకుతారు. ఆదివారం ఆరాధనకు రాలేని విశ్వాసి నైట్ డ్యూటీ దిగి తెల్లవారుజామున పాస్టరు గారి తలుపు తడతాడు. ఇంకొకరు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి “అయ్యగారూ, పాపకు జ్వరం తగ్గట్లేదు, ప్రార్థన చేయండి” అంటారు. ఆ తలుపు తీసేది, ఆ ఫోన్ ఎత్తేది చాలాసార్లు ముప్పై కూడా నిండని యువకుడు. పెళ్లయింది, ఇంట్లో చంటిబిడ్డ ఉంది, సెమినరీలో కూర్చుని వాక్యాన్ని లోతుగా చదవాలన్న ఆశా ఉంది.

ఈ వ్యాసం అలాంటివారి కోసం. ఇంటరో డిగ్రీయో ముగించి, సేవకు పిలుపు ఉందని నమ్మి, ఏం చదవాలి అని అడుగుతున్నవారి కోసం కూడా. ఎక్కడ చదవాలన్నది రెండో ప్రశ్న. మీ ఇల్లు ఇప్పుడు ఏ దశలో ఉంది, దానికి తగిన చదువు ఏది అన్నది మొదటి ప్రశ్న. చాలామంది రెండోదాంతో మొదలుపెట్టి మొదటిదాని దగ్గర దెబ్బతింటారు.

ముందు మీరు ఏ దారిలో ఉన్నారో చూసుకోండి. సి.ఎస్.ఐ., మెథడిస్ట్, లూథరన్, బాప్టిస్ట్ వంటి పాత సంఘాల్లో అభ్యర్థిని డయాసిస్ లేదా సంఘ సమాఖ్య ఎంపిక చేసి, సిఫారసు చేసి సెమినరీకి పంపుతుంది. చదువయ్యాక నియామకం, జీతం, క్వార్టర్, బదిలీ అన్నీ వాళ్ల నిబంధనల ప్రకారమే. శంషాబాద్ చుట్టూ కాలనీల్లో, అద్దె హాళ్లలో, రేకుల షెడ్లలో నడిచే స్వతంత్ర సంఘాల సంగతి వేరు. అక్కడ పాస్టరే మొదలుపెట్టాలి, పాస్టరే నిలబెట్టాలి. కానుకలూ దశమభాగాలే రాబడి. మొదటి దారిలో చదువు లేనిదే అభిషేకం కష్టం. రెండో దారిలో చదువు లేకపోయినా ఎవరూ ఆపరు. నా దృష్టిలో రెండో దారిలో నడిచేవాళ్లకే చదువు ఎక్కువ అవసరం. పై నుంచి సరిదిద్దే బిషప్ గానీ కమిటీ గానీ లేనప్పుడు, తప్పుగా చెప్పిన వాక్యం తప్పుగానే నిలిచిపోతుంది.

ఇక ఎక్కడ చదవాలి? శంషాబాద్‌లోనే మెన్నొనైట్ బ్రెదరిన్ వారి సెంటినరీ బైబిల్ కాలేజీ ఉంది. దాని మూలం 1920లో నాగర్‌కర్నూల్‌లో మొదలైన బైబిల్ పాఠశాల. రష్యా నుంచి 1889లో వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండ ప్రాంతంలో సేవ మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు పాలమూరు అంతటా సంఘాలు కట్టారు. ఆ సంఘాలకు కాపరులను తయారుచేసే బడి కాలక్రమంలో శంషాబాద్ చేరింది. విమానాశ్రయం ఊసు లేనినాటి నుంచీ ఈ ఊళ్లో పాస్టర్ల చదువు సాగుతోందన్న సంగతి ఇక్కడి కుర్రాళ్లలో కొందరికి తెలియకపోవచ్చు.

నగరంలో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది. అందరూ ఏసీటీసీ అనే పిలుస్తారు. 1964లో రాజమండ్రిలో పలు సంఘాలు కలిసి స్థాపించిన ఈ కళాశాల 1973లో హైదరాబాద్‌కు వచ్చింది. వేదాంత పట్టాలిచ్చే శ్రీరాంపూర్ సెనేట్ పరిధిలో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదవాలనుకునే తెలుగువాళ్లకు ప్రధాన చిరునామా ఇదే. డిగ్రీ చేసినవారికి బి.డి. సాధారణంగా నాలుగేళ్లు. గ్రీకు, హీబ్రూ భాషలూ, పాత కొత్త నిబంధనల అధ్యయనం, సంఘ చరిత్ర, కాపరి పరిచర్య అన్నీ అందులో ఉంటాయి. శంషాబాద్ నుంచి అక్కడికి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. దూరం పెద్దది కాదు గానీ ఆరాంఘర్, మెహదీపట్నం దాటి బస్సులో వెళ్లిరావడానికి రోజులో మూడు గంటలు పోతే ఆశ్చర్యం లేదు. పైగా పూర్తికాల కోర్సు అంటే హాస్టల్ జీవితం, చాపెల్, లైబ్రరీ, పరీక్షలు. సంఘాన్ని ఒక చేత్తో, బి.డి.ని ఇంకో చేత్తో పట్టుకుంటానని బయల్దేరితే రెండింటిలో ఒకటి జారుతుంది. జారేది సాధారణంగా మూడోది, ఇల్లు.

దగ్గరలో ఇంకో మంచి చోటు శివరాంపల్లిలో పోలీస్ అకాడమీ పక్కన ఉన్న హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. 1930లో లాహోర్‌లో పుట్టిన ఈ సంస్థ తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడింది. ఇస్లాం అధ్యయనం, మతాల మధ్య సామరస్యం దాని ప్రత్యేకత. పాతబస్తీకీ విమానాశ్రయానికీ మధ్య సేవ చేసే కాపరికి పొరుగువాడి విశ్వాసం గురించి సరైన అవగాహన ఉండాలి. అక్కడి చిన్న కోర్సు ఒకటైనా చేయమని నా సలహా.

సంఘాన్ని వదలలేనివాళ్లకు, పిల్లలు చిన్నగా ఉన్నవాళ్లకు ఎక్స్‌టెన్షన్ పద్ధతి ఉంది. ఇది 1963లో గ్వాటెమాలాలో మొదలైంది. పల్లె సంఘాల నాయకులు కుటుంబాలనూ పొలాలనూ వదిలి సెమినరీకి రాలేకపోతుంటే, సెమినరీయే వాళ్ల దగ్గరికి వెళ్లాలని అక్కడి అధ్యాపకులు నిర్ణయించారు. ఇంట్లో పాఠం చదువుకోవడం, నిర్ణీత సమయాల్లో చిన్న గుంపుగా కూర్చుని చర్చించడం, నేర్చుకున్నది సొంత సంఘంలోనే అమలు చేయడం ఆ పద్ధతి. బెంగళూరు కేంద్రంగా 1971లో మొదలైన టాఫ్టీ ఇదే దారిలో నడుస్తోంది. శ్రీరాంపూర్ సెనేట్ కూడా ఎక్స్‌టెర్నల్‌గా డిప్లొమా, బి.సి.ఎస్. (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) కోర్సులు అందిస్తోంది. వీటిని తక్కువగా చూసేవాళ్లుంటారు. వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. మూడేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని ఐదేళ్లలో ముగించిన డిప్లొమా, ఇంటిని చెదరగొట్టుకుని మధ్యలో ఆగిపోయిన బి.డి. కంటే సంఘానికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఎక్కడ చేరినా ఫీజు కట్టే ముందు ఒక ప్రశ్న అడగండి: ఈ పట్టా ఎవరిది? శ్రీరాంపూర్ సెనేట్‌దా, ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్నదా, లేక ఆ సంస్థ తనకు తాను ఇచ్చుకునేదా? కొన్ని నెలల్లో డాక్టరేట్ ఇస్తామనే ప్రకటనల జోలికి వెళ్లకండి. వేదాంత పట్టా సంఘ సేవకు ఉపయోగపడుతుంది. మామూలు ఉద్యోగాలకు మామూలు డిగ్రీనే అడుగుతారు. కనుక ఇంటర్‌తో ఆగినవాళ్లు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసుకోవడం తెలివైన పని. 1982లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. సేవతో పాటు పగలు ఏదైనా ఉద్యోగం చేయాల్సి వస్తే ఆ డిగ్రీ అక్కరకొస్తుంది. పౌలు గుడారాలు కుడుతూనే సువార్త చెప్పాడని మనమే ప్రసంగిస్తాం కదా. క్యాబ్ నడుపుతూనో, ట్యూషన్లు చెబుతూనో సంఘాన్ని కాస్తున్నవాళ్లు అందుకు తలదించుకోవాల్సిన పని లేదు.

వారం ఎలా గడవాలి?

ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ప్రసంగం తయారీ, మధ్యలో గృహ ప్రతిష్ఠలు, పుట్టినరోజు కూడికలు, ఆసుపత్రి ప్రార్థనలు, సమాధి కార్యక్రమాలు. డిసెంబరు వస్తే ఇంటింటి క్యారల్స్, వేసవిలో పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్). దీనిలోకి అసైన్‌మెంట్లు ఎలా దూర్చాలి?

మొదటి ఉపాయం, చదువునూ ప్రసంగాన్నీ ఒకే పట్టాలెక్కించడం. రోమా పత్రిక మీద వ్యాసం రాయాల్సి ఉంటే ఆ రెండు నెలలూ సంఘంలో రోమా పత్రికే ధ్యానించండి. వ్యాఖ్యాన గ్రంథం ఒక్కసారి తిరగేస్తే రెండు పనులకూ సరిపోతుంది. సంఘానికి కూడా వారానికో అంశం కాకుండా వరుసగా వాక్యం అందుతుంది. భాషల విషయంలో మాత్రం ఇది కుదరదు. గ్రీకు క్రియారూపాలు శనివారం కూర్చుని ఒకేసారి మింగేవి కావు, రోజుకు అరగంట చొప్పున ఏడాది చదవాల్సినవి. తెల్లవారుజామున ప్రార్థన అయిన వెంటనే, ఫోన్ ముట్టుకోకముందే ఆ అరగంట పూర్తి చేసుకోండి.

రెండోది కష్టమైనది. నెలలో ఒక ఆదివారమైనా ప్రసంగ వేదిక ఇంకొకరికి ఇవ్వండి. సంఘ పెద్దల్లో వాక్యం చెప్పగలవారు ఒకరిద్దరు ఉంటారు. యువ పాస్టర్లకు ఇక్కడ భయం పట్టుకుంటుంది, సంఘం చేయిజారిపోతుందేమోనని. మోషేకు అతని మామ యిత్రో చెప్పిన సలహా మీద ప్రసంగాలు చాలా విన్నాం: భారమంతా ఒక్కడివే మోయకు, పంచుకో అని. కానీ ఆ నిర్గమకాండం 18వ అధ్యాయం ఎలా మొదలవుతుందో ఆ ప్రసంగాల్లో తక్కువగా వింటాం. యిత్రో ఒట్టి చేతులతో రాలేదు. మోషే తన దగ్గరికి పంపించేసిన భార్య సిప్పోరానూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. భార్యాబిడ్డలను ముందు అప్పగించి, పని పంచుకోమన్న మాట మర్నాడు చెప్పాడు. సెమినరీలో చేరబోయే ప్రతి కాపరీ ఆ అధ్యాయాన్ని ఈ వరుసలో చదవాలి.

శ్రీరాంపూర్ పట్టా కోసం ఆరాటపడేవాళ్లు దాని వ్యవస్థాపకుడి ఇంటి కథ కూడా తెలుసుకోవాలి. విలియం కేరీ చెప్పులు కుట్టే పని చేసుకుంటూ భాషలు నేర్చిన మనిషి. 1793లో భారతదేశానికి వచ్చాడు. మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి 1818లో శ్రీరాంపూర్ కళాశాల స్థాపించాడు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి పట్టాలిచ్చే అధికారం వచ్చింది. ఇదంతా సంఘ చరిత్ర పరీక్షలో వస్తుంది. అతని భార్య డొరొతీ మొదట రానన్నది, చివరికి ఒత్తిడి మీద ఓడ ఎక్కింది. 1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ దెబ్బకు ఆమె మతి చలించింది, మళ్లీ కోలుకోలేదు. 1807లో కన్నుమూసింది. బైబిలు అనువాదాలు ఒక గదిలో, ఆమె వేదన పక్క గదిలో సాగాయి. కేరీ సేవ గొప్పది, దాని ఫలం మనం ఈనాటికీ తింటున్నాం. అయినా ఆ ఇంటి బాధను సేవ ఖర్చుల్లో కలిపేసి మర్చిపోవడం న్యాయం కాదు.

మన తెలుగు నేల మీదే ఇంకో దారి చూపినవాడున్నాడు. దోర్నకల్‌లో సేవ చేసిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన సేవకులను సిద్ధం చేసేటప్పుడు వాళ్ల భార్యల శిక్షణనూ పట్టించుకున్నాడు. ఇవాళ మన సంఘాల్లో పాస్టరమ్మ స్త్రీల కూడిక నడుపుతుంది, సండే స్కూల్ చూస్తుంది, వేళకాని వేళ వచ్చినవారికి టీ పెడుతుంది. కానీ ఆమెను చదివించాలన్న ఆలోచన ఏ కమిటీ సమావేశంలోనూ రాదు. భర్త బి.డి. చేస్తుంటే భార్య కనీసం ఎక్స్‌టెన్షన్ సర్టిఫికెట్ అయినా చేయాలి. ఆమెకు ఉద్యోగం ఉంటే ఆ ఉద్యోగాన్ని సంఘం గౌరవించాలి. సోమవారం పాస్టరు కుటుంబానిదని పెద్దలు ఆరాధనలోనే ప్రకటిస్తే మరీ మంచిది. పాస్టరు తానే అడిగితే స్వార్థం అంటారు, పెద్దలు చెబితే క్రమం అవుతుంది.

డబ్బు విషయం తక్కువ మాటల్లో చెబుతాను. స్వతంత్ర సంఘ కాపరికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. హైవే మీద అర్ధరాత్రి బైకుపై తిరిగే మనిషికి బీమా లేకపోవడం విశ్వాసం అనిపించుకోదు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 50 ఏళ్ల వారికి జీవన జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు ఇస్తుంది. అర్హత ఉంటే ఆరోగ్యశ్రీలో పేరుందో లేదో చూసుకోండి. సంఘం ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు ఉండాలి. ఈ నియమం మొదటి నెల నుంచే పాటించాలి.

పెళ్లిళ్లు జరిపించే విషయంలో చట్టం తెలుసుకోండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషప్ చేత అభిషిక్తులు కాని కాపరులకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. అధికారం లేకుండా ఆ చట్టం కింద పెళ్లి జరిపిస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ సంగతి తెలియక యువ పాస్టర్లు ఇబ్బందుల్లో పడతారు, ఆ దంపతులకు కూడా పత్రాల దగ్గర చిక్కులొస్తాయి.

మీలో ఎవరైనా వచ్చే విద్యా సంవత్సరానికి దరఖాస్తు నింపబోతుంటే, సంతకం పెట్టే ముందు రెండుచోట్ల కూర్చోండి. సంఘ పెద్దల దగ్గర కూర్చుని, మీరు లేని రోజుల్లో ఎవరు ఏ పని చూస్తారో కాగితం మీద రాయించుకోండి. తర్వాత మీ భార్య దగ్గర కూర్చుని, ఈ చదువు ఆమె నుంచి ఏం అడుగుతుందో దాచకుండా చెప్పండి. ఆమె ఇప్పుడు వద్దంటే ఒక ఏడాది ఆగండి, లేదా ఎక్స్‌టెన్షన్ కోర్సులో చేరండి. సెమినరీ వచ్చే ఏడాది కూడా ప్రవేశాలు ఇస్తుంది.