సీసీ కెమెరాలు – నేర నివారణ

పత్తి, మిర్చి కొనుగోళ్లకు పేరొందిన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వంటి రద్దీ ప్రాంతాల్లో సీసీ కెమెరాలు నేరాలను ఆపుతాయా? ముఖ్యాంశాలు:

చట్టం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం–2013. ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థల్లో సీసీ కెమెరాలు తప్పనిసరి. దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలి.

దర్యాప్తు: 2020 మే నెలలో ఎనుమాములకు సమీపంలోని గొర్రెకుంట బావిలో హత్యకు గురైన 9 మంది మృతదేహాలు బయటపడ్డాయి. నిందితుడి కదలికలను పోలీసులు సీసీ దృశ్యాల ఆధారంగా గుర్తించారు. కెమెరా హత్యలను ఆపలేదు, కేసు ఛేదనకు తోడ్పడింది.

పరిశోధన: 40 ఏళ్ల అధ్యయనాలపై 2019లో వెలువడిన సమీక్ష ప్రకారం కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయి. వాహనాల పార్కింగ్ స్థలాల్లో ఫలితం ఎక్కువ. హింసాత్మక నేరాలపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదు.

కమాండ్ కంట్రోల్ కేంద్రం (పోలీసులు సీసీ దృశ్యాలను పర్యవేక్షించే చోటు): హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభం.

సుప్రీంకోర్టు: పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసు (2020 డిసెంబరు 2) – ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలి. పుట్టస్వామి కేసు (2017) – గోప్యత ప్రాథమిక హక్కు.

సాక్ష్యం: ఎలక్ట్రానిక్ రికార్డుల స్వీకారానికి భారతీయ సాక్ష్య అధినియమ్–2023, సెక్షన్ 63. ఇది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది.

మాదిరి ప్రశ్న: గోప్యత హక్కుకు ఆధారమైన రాజ్యాంగ అధికరణ ఏది?
జవాబు: 21